థాయి దేశపు మర్దన విద్య

బాంకాకు నగరమునకు పోయిన మనవారు వాట్ ఫో ఆలయమున 46 మీటర్ల పొడవు గల శయన బుద్ధుని దర్శించి, అంతటితో తృప్తులై మరలుదురు. ఆ ప్రాంగణముననే స్త్రీలు తప్పక చూడవలసిన విశేషము మఱియొకటి కలదు.

అచ్చటి మంటపముల గోడలలో రాతి పలకలు పొదుగబడి యున్నవి. వానిపై మానవాకృతులును, ఆ దేహములపై సాగు గీతలును, ఒత్తవలసిన తావులును చెక్కబడి యున్నవి. ఇట్టి చిత్రములు 60. 1824 మొదలు 1851 వఱకు ఏలిన మూడవ రాముడను రాజు ఆలయమును బాగుచేయించుచు ఈ వైద్యమును రాతికెక్కించెను. గురువు చెప్పగా శిష్యుడు దాచుకొనెడు విద్యను ఎల్లరును చదువుకొనునట్లు గోడపై నిలుపుట మాకు మిక్కిలి ఘనముగా తోచినది.

ఆ గీతలను వారు 'సేన్' అందురు. ముఖ్యమైనవి 10. వానిలో మూటి పేర్లు ఇత్థ, పింగళ, సుమన. మన యోగశాస్త్రమందలి ఇడా పింగళా సుషుమ్నలు జ్ఞప్తికి రాక మానవు. బుద్ధుని కాలమున రాజగృహమున వైద్యుడైన జీవకుని వారు ఆదిగురువుగా తలచి నమస్కరింతురు.

ఆలయమున 1955లో వెలసిన వైద్య పాఠశాల ఈ విద్యను నేర్పుచున్నది. మేమును ఒక గంటసేపు మర్దనము చేయించుకొంటిమి. తైలము లేదు, వస్త్రములు విడువ పనిలేదు. నేలపై పఱచిన పఱుపుమీద పరుండబెట్టి, ఒక నడివయస్సు స్త్రీ పాదములు మొదలుకొని బొటనవ్రేళ్లతోను, అరచేతులతోను, మోచేతులతోను ఒత్తి, పిమ్మట కాలుసేతులను మెల్లగా మడచి చాచినది. నొప్పి తోచినపుడు చెప్పుడని మొదటనే సైగ చేసినది. నడుము బిగువు సడలి, మనస్సు నెమ్మదించి, నాటి రాత్రి సుఖనిద్ర పట్టినది.

నేటి శరీరశాస్త్రము ఈ నాడులను చూపజాలదు. అయినను బిగిసిన కండరములు సడలుటయు, శ్రమ తీరుటయు అనుభవసిద్ధములు. గర్భిణులును, ఎముకలు పెళుసైనవారును, కాళ్లలో రక్తము గడ్డకట్టినవారును వైద్యుని అడుగక దీనికి పూనుకొనరాదు.

2019లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. మన యిండ్లలో శిశువునకు నూనె రాచి కాళ్లు సాగదీయు అమ్మమ్మ నేర్పును, బాలింత నడుము మర్దించు ముసలమ్మ నేర్పును ఏ గోడపైనను లేవు. సోదరీమణులారా! ఆ పెద్దలు మన నడుమ ఉండగనే వారి నడిగి, చేయువిధమును, చేయరాని సమయమును ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనుడు.