విమానం డబ్బా

“మీ అక్క ఆపరేషన్‌కి ఇంకా రెండు నెలల టైముంది కదా! ఈసారి విమానంలో వెళ్లరాదూ?” అన్నారు మావారు. నేనప్పుడు పప్పులో తాలింపు వేస్తున్నాను. గరిటె చేతిలోనే ఉండిపోయింది. విమానమంటే డబ్బున్నవాళ్ల వ్యవహారమనే మాట చిన్నప్పట్నుంచీ నా మనసులో పాతుకుపోయింది మరి!

మాది విజయవాడ. అక్క ఉండేది ఢిల్లీలో. 2023 సెప్టెంబరులో అక్కకి మోకాలి చిప్ప మార్పిడి. ఆ నెలంతా వండిపెట్టడానికి నేను వెళ్లాలి. మా అబ్బాయి ఫోనులో చూసి, గన్నవరం నుంచి ఢిల్లీకి 5,150 రూపాయలన్నాడు. హైదరాబాద్ నుంచయితే 4,300 మాత్రమే. “అయితే హైదరాబాద్ నుంచే వెళ్తాలే” అన్నాను ఆశగా. వాడు నవ్వి, “హైదరాబాద్‌కి బస్సు, అక్కణ్ణించి శంషాబాద్‌కి ఇంకో బస్సు, మధ్యలో తిండి... అన్నీ కలుపమ్మా” అన్నాడు. కాగితమ్మీద రాసి కూడితే గన్నవరమే నయమని తేలింది. టిక్కెట్టు ధర ఒక్కటే చూడకూడదని నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

నిజం చెప్పాలంటే రైలు కన్నా విమానం చవకేమీ కాదు. కానీ ఒక రాత్రీ ఒక పగలూ దాటే ప్రయాణం రెండున్నర గంటల్లో అయిపోతుంది. ఈ చవక విమానాల కిటుకు కూడా మావాడే చెప్పాడు. ఒకే విమానంలో ఒకే రకం సీట్లకి ఒకే ధర ఉండదట. ముందు కొన్నవాళ్లకి తక్కువ, రోజు దగ్గరపడే కొద్దీ ఎక్కువ. సంక్రాంతి, దసరా రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు. భోజనం పెట్టరు, కావాలంటే కొనుక్కోవాలి. సీటు మనం ఎంచుకుంటే దానికీ డబ్బే. ఊరుకుంటే వాళ్లే ఏదో ఒక సీటు ఊరికే ఇస్తారు. విమానం దిగిన అరగంటలోనే మళ్లీ ఎగిరి రోజుకి ఎక్కువ తిరుగుళ్లు తిరుగుతుంది కాబట్టి వాళ్లకి గిట్టుబాటవుతుంది. మనం ఇంట్లో ఒకే కుక్కర్‌తో మూడు వంటలు చేసుకున్నట్టన్నమాట!

ఇక నా తెలివితక్కువ సంగతి చెబుతాను, నవ్వకండేం. పెట్టె 15 కిలోలు, చేతిసంచి 7 కిలోలు దాటకూడదని మావాడు చెబుతూనే ఉన్నాడు. నేనేమో ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు, అరిసెలు అంటూ సర్దుతూనే పోయాను. చేత్తో లేపి చూసి “పదిహేనే ఉంటుందిలే” అనుకున్నాను. కౌంటర్లో తూకం వేస్తే 18! కిలోకి ఇంత అని వాళ్లు చెప్పిన డబ్బు వింటే నాకు కళ్లు తిరిగాయి. మావారిని లోపలికి రానివ్వలేదు కాబట్టి చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. అందరి ముందూ పెట్టె విప్పి రెండు చీరలూ, దుప్పటీ, సున్నుండల డబ్బా చేతిసంచిలోకి మార్చాను. పచ్చళ్లు చేతిసంచిలో పెట్టకూడదట, అవి పెట్టెలోనే ఉంచాను. అక్క కోసం తెచ్చిన ఎండుకొబ్బరి మాత్రం పెట్టెలో వెయ్యకూడదని తీయించారు. దానికి నిప్పంటుకునే గుణం ఉందట. అదీ, కందిపొడీ, అరిసెలూ తలుపు దాకా వెళ్లి మావారికి ఇచ్చి వచ్చాను. రెండు గంటల ముందే చేరుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే విమానం తప్పిపోయేదే!

విమానం లేచాక కిటికీలోంచి మబ్బుల్ని చూస్తుంటే నాకు సంతోషం కలగలేదండీ, ఏడుపొచ్చింది. 2004లో నాన్న పోయినప్పుడు అక్క ఢిల్లీ నుంచి రైల్లో బయలుదేరింది. మర్నాడు సాయంత్రం ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. ఎండల రోజులు, ఎంతసేపని ఉంచుతారు? ఖాళీ మంచం పట్టుకుని అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతకు ముందటి ఏడు, 2003లోనే ఎయిర్ డెక్కన్ వచ్చి మన దేశంలో చవక విమానాలు మొదలయ్యాయి. కానీ మా ఇళ్లలో ఎవరికీ ఆ ఊసే తట్టలేదు.

ఢిల్లీలో అక్కకి సేవ చేస్తూ ఒక రాత్రి ఈ మాటే అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రెండు నెలల ముందు కొన్నావు కాబట్టి అయిదు వేలయింది. చావు రెండు నెలల ముందు చెప్పి వస్తుందటే?” అంది. నిజమే కదా! చవక టిక్కెట్టు పెళ్లిళ్లకి దొరుకుతుంది గానీ కష్టానికి దొరకదు. ఆ రోజుకి ధర రెట్టింపు ఉంటుంది.

అప్పుడే ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఇంటి ఖర్చులోంచి నెలకి 500 తీసి విడిగా దాచాలి. ఏ అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. నా పోపులపెట్టె పక్కన ఒక స్టీలు డబ్బా పెట్టాను. “విమానం డబ్బా” అని మావారు దానికి పేరు పెట్టి ఆట పట్టించేవారు.

2025 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున అమ్మకి పక్షవాతం వచ్చింది. ఆరింటికి అక్కకి ఫోను చేశాను. ఆరోజు టిక్కెట్టు 11,800. అక్క డబ్బాలో 8,000 ఉన్నాయి, మిగతాది బావగారు కలిపారు. ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. రాత్రి ఎనిమిదింటికల్లా అక్క ఆస్పత్రిలో అమ్మ పక్కన ఉంది. అమ్మకి మాట లేదు గానీ, అక్క చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. నాలుగోరోజు అమ్మ వెళ్లిపోయింది. నోట్లో నీళ్లు పోసింది అక్కే.

అందుకే అక్కచెల్లెళ్లూ, మీకు నాలుగు మాటలు. ముందే తెలిసిన ప్రయాణమైతే టిక్కెట్టు ముందే కొనండి. పెట్టెని ఇంటి దగ్గరే తూకం వేయండి. పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయించండి. ప్రయాణం మానుకోవాల్సి వస్తే చవక టిక్కెట్టుకి డబ్బు రాదని ఊరుకోకండి, పన్నులూ విమానాశ్రయం రుసుములూ తిరిగి ఇవ్వాలి, అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, దూరాన అమ్మో అక్కో ఉన్నవాళ్లు ఒక డబ్బా పెట్టుకోండి.

మా ఇంట్లో ఆ డబ్బా మళ్లీ నిండుతోంది. మావారు ఇప్పుడు ఆట పట్టించడం లేదు. ఒకటో తారీఖున ఆయనే గుర్తు చేస్తున్నారు.