సోయ్, ఎస్తోయ్, అమీర్‌పేట

సంచిలో నాలుగు చీరలు, రెండు వందల పేజీల నోటుబుక్కు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక ఫొటో. ఇంతే సామాను. ఫొటో 1999 నాటిది. అనంతపురం జిల్లాలో మా ఇంటి వరండా. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు కొత్త చాప మీద కూర్చుని ఉన్నాం. పక్కన నులక మంచం మీద ఒక తెల్లావిడ. ఆమె స్పెయిన్ నుంచి నా చదువుకు డబ్బు పంపిన మనిషి. ఫొటో వెనక నీలి సిరాతో ఆమె రాసిన నాలుగు వరుసలు ఉన్నాయి. ఇరవై ఆరేళ్లుగా వాటిని మా ఇంట్లో ఎవరూ చదవలేదు.

అనంతపురంలో పుట్టినవాళ్లకు స్పెయిన్ అంటే ఫాదర్ ఫెర్రర్. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో ఇండియాకు వచ్చారు. మహారాష్ట్రలో పనిచేసి, 1969లో మా కరువు జిల్లాకు చేరి ఆర్డీటీ అనే సేవాసంస్థ స్థాపించారు. 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. ఆయన సంస్థ ద్వారా స్పెయిన్ కుటుంబాలు ఒక్కో పిల్లకో పిల్లాడికో తోడు నిలిచాయి. అట్లా చదువుకున్న వేలమందిలో నేనొకదాన్ని. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తున్నాను.

ఫొటో తీసిన రోజు మా అమ్మ అప్పు చేసి చాప కొన్నది. ఆ స్పెయిన్ ఆవిడ దాని మీద కూర్చోలేదు. "మన చాప ఆమెకు సరిపోల్యా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. అనడంలో కోపం లేదు. అవమానం మాత్రం పాతబడలేదు.

ఫొటో వెనక మాటలు నేనే చదవాలని స్పానిష్ నేర్చుకోవాలనుకున్నాను. అనంతపురంలో ఆర్డీటీ వాళ్లదే విదేశీ భాషల బడి ఉంది. అక్కడ నెలల తరబడి ఉండి చదవాలి. నాకున్నవి వేసవి సెలవులు, అందులోనూ ఇంటి పనులు పోగా మిగిలిన కొన్ని రోజులు. "ఒక్కదానివే యాడికి పోతావే?" అని అమ్మ. "అమీర్‌పేటకు" అన్నాను. హైదరాబాద్‌లోని ఆ పేట పేరు మా పల్లెలో కూడా అందరికీ తెలుసు. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఒకప్పుడు అక్కడ కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లే.

ఆదివారం సాయంత్రం మైత్రీవనం ముందు దిగాను. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చాక ఈ కూడలి రూపం మారిందని అంటారు. రెండు లైన్లు కలిసే స్టేషన్లలో ఇదొకటి. పైన పట్టాల మీద రైలు, కింద జనం, గోడల మీద ఖాళీ లేకుండా బోర్డులు. జావా, పైథాన్, డేటా సైన్స్, క్లౌడ్. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో నీలగిరి బ్లాకు, అన్నపూర్ణ బ్లాకు గుమ్మాల దగ్గర కాగితాలు పంచే కుర్రాళ్లు. జిరాక్స్ షాపుల్లో ఫ్యాకల్టీ రన్నింగ్ నోట్స్ స్పైరల్ బైండింగ్ చేసి పెట్టారు. చెప్పిన మనిషి పేరు మీద అమ్ముడుపోయే నోట్సు నేను ఇంకెక్కడా చూడలేదు. తెలుగు సాఫ్ట్‌వేర్ వలస మీద షియాంగ్ బియావో అనే మానవశాస్త్రవేత్త రాసిన పుస్తకం 2007లో వచ్చింది. అందులో అమీర్‌పేటకు పెద్ద చోటే ఉంది. ఒక పేట చదువు ప్రపంచ పటం మీదికి ఎక్కడం చిన్న సంగతి కాదు.

ఎస్.ఆర్. నగర్ వైపు గల్లీలో ఆడపిల్లల హాస్టల్లో వారానికి మంచం దొరికింది. గదికి నలుగురం. మిగతా ముగ్గురూ ఇరవై దాటని పిల్లలు, నన్ను మొదటి రాత్రే "అక్కా" అన్నారు. ఆ పిలుపుతో సగం బెంగ తగ్గింది.

సోమవారం ఉదయం నేను ఫోన్లో మాట్లాడుకున్న చోట ఎదురుదెబ్బ తగిలింది. స్పానిష్‌కు ఇద్దరే చేరారని బ్యాచ్ ఎత్తేశారు. జర్మన్ తీసుకోమన్నారు. నర్సులంతా దానికే వస్తున్నారన్నారు. నాకు జర్మనీలో ఎవరూ లేరని చెప్పి బయటికి వచ్చాను. గంటన్నర ఎండలో తిరిగాక, పంజాగుట్టలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఎనిమిది కుర్చీల గది కనిపించింది. డెమో క్లాసు అప్పుడే మొదలవుతోంది. టీచరమ్మ తార్నాకలోని ఇఫ్లూలో స్పానిష్ చదివింది. నన్ను చూసి "కూర్చోండి మేడమ్" అని తెలుగులో అని, వెంటనే స్పానిష్‌లో నా పేరు అడిగింది.

ఆరుగురం. జీడిమెట్ల మందుల కంపెనీలో పనిచేసే ఒకాయన, హైటెక్ సిటీలో రాత్రి ఉద్యోగం చేసే అమ్మాయి, అమెరికాలో కోడలి దగ్గరకు వెళ్లబోతున్న రిటైర్డు బ్యాంకు ఆయన, ఇద్దరు బీటెక్ పిల్లలు. మందుల కంపెనీ ఆయన ఫైళ్లు మెక్సికోకు, కొలంబియాకు పోతాయట. వాటి మీద ప్రశ్నలు స్పానిష్‌లో వస్తాయట. ఇది కొత్త బంధం కాదు. కల్లం అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ చిరునామా చాలా ఏళ్లు 7-1-27, అమీర్‌పేట. ఆ సంస్థ 2005లో మెక్సికోలోని క్వెర్నవాకాలో రోష్ కంపెనీ కర్మాగారాన్ని కొన్నది. అంటే ఈ వీధుల నుంచి స్పానిష్ మాట్లాడే ఊళ్లకు ఉత్తరాలు పోవడం మొదలై ఇరవై ఏళ్లు.

మొదటి పాఠం అంకెలు. ఉనో, దోస్, త్రేస్. బీటెక్ పిల్లలు "డోస్, ట్రేస్" అన్నారు. టీచరమ్మ ఆపింది. నాలుక పళ్లకు తగలాలి అన్నది. నేను నోరు తెరిచి మామూలుగా "దోస్" అన్నాను, అది సరిపోయింది. మన దంత్యాలు త, ద వాళ్లకూ ఉన్నాయి. ఇంగ్లిషు బడిలో పన్నెండేళ్లు చదివిన పిల్లలు పరాయి అక్షరం కనబడగానే ట, డ లకు పోతున్నారు. తెలుగులో "తాత" అనగలిగిన ప్రతి ఒక్కరూ స్పానిష్ తొమాతె అనగలరు. ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత రెండు ర-లు. "పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. గదిలో అందరూ తడబడ్డారు. నేను బోర్డు దగ్గరకు వెళ్లి "గుఱ్ఱం" అని పాత పద్ధతిలో రాశాను. శకటరేఫను మనం బడి పుస్తకాల్లోంచి తీసేశాం కానీ, కోపంగా "గుఱ్ఱం" అన్నప్పుడు అది నోట్లో ఇంకా దొర్లుతూనే ఉంటుంది. పదం మొదట్లో వచ్చే ర కూడా స్పానిష్‌లో ఎప్పుడూ శకటరేఫే. పూర్వం మనం ఱాయి, ఱెక్క అని రాసుకున్నట్టు. ఎస్పాఞోల్ అనే మాటలోని ఞ కూడా నాకు ఊరట. పిల్లలకు వర్ణమాల నేర్పేటప్పుడు "ఇది ఎక్కడొస్తుంది టీచర్?" అని అడిగే ఆ అక్షరానికి, అట్లాంటిక్‌కు రెండు ఒడ్డులా రోజంతా పని ఉంది.

మంగళవారం పొద్దున టిఫిన్ బండి దగ్గర ఇడ్లీలోకి పల్లీ చట్నీ వేశాడు. నిలబడి తింటూ ఆలోచించాను. మా జిల్లా బతుకంతా శెనక్కాయ మీదే. ఆ శెనక్కాయ పుట్టింది దక్షిణ అమెరికాలో. చట్నీలో మిరప మెక్సికోది. టమాటా పేరు అక్కడి ఆదివాసుల నోట పుట్టి, స్పానిష్ తొమాతె అయి మనకు చేరింది. పోర్చుగీసు ఓడలు తెచ్చినవి తిండి గింజలే కాదు. బొత్తాం, తువ్వాలు, అల్మరా, పాద్రీ. ఇవన్నీ వాళ్ల మాటలే. స్పానిష్ పోర్చుగీసుకు తోబుట్టువు భాష కనుక అక్కడ అవి బొతోన్, తోఆయా, అర్మారియో, పాద్రె అని వినబడతాయి. ఈ జాబితా నోటుబుక్కులో రాసుకుంటుంటే బండి ఆయన "పరీక్ష ఉందా అమ్మా?" అని ఇంకో ఇడ్లీ వేశాడు.

బుధవారం పాఠం కోసం ఈ కథనమంతా రాస్తున్నాను. స్పానిష్‌లో "ఉండు" అనడానికి రెండు క్రియలు, సేర్, ఎస్తార్. "నేను" అన్నప్పుడు సేర్ "సోయ్" అవుతుంది, ఎస్తార్ "ఎస్తోయ్" అవుతుంది; "అతను", "అది" అన్నప్పుడు ఎస్తార్ "ఎస్తా" అవుతుంది. ఇంగ్లిషు మీదుగా వచ్చినవాళ్లకు ఇది పెద్ద గండం, వాళ్లకు రెండూ "ఐ యామ్" కదా. శాశ్వతమైతే సోయ్, తాత్కాలికమైతే ఎస్తోయ్ అని పుస్తకంలో ఉంది. వెంటనే బ్యాంకు ఆయన అడిగాడు: "చనిపోవడం తాత్కాలికమా మేడమ్?" చనిపోయినవాళ్లకు స్పానిష్‌లో ఎస్తార్ వాడతారు మరి. సూత్రం అక్కడే తెగింది.

నేను తెలుగు వాక్యాలు రాసుకున్నాను. నేను టీచర్ని. నేను పంజాగుట్టలో ఉన్నాను. మొదటి దాంట్లో "ఉన్నాను" లేదు, రెండో దాంట్లో ఉంది. మొదటిది సోయ్, రెండోది ఎస్తోయ్. నేను తెలుగుదాన్ని: సోయ్. నేను అలసిపోయి ఉన్నాను: ఎస్తోయ్. అతను చనిపోయి ఉన్నాడు: ఎస్తా. ఒంటి మీద రోమాలు లేచాయి. గుడి ఎక్కడ ఉంది? ఎస్తా. పెళ్లి ఎక్కడ? తిరుపతిలో. ఇక్కడ మనం "ఉంది" అనక్కర్లేదు, వాళ్లూ ఎస్తార్ వాడరు, సేర్ వాడతారు! టీచరమ్మ నా నోటుబుక్కు తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత బోర్డు తుడిచి మళ్లీ మొదటి నుంచి తెలుగులో చెప్పింది.

అంతటా కుదరదు. "అమ్మాయి అందంగా ఉంది" దగ్గర మన "ఉంది"కి వాళ్లు రెండూ వాడగలరు, అర్థం మారుతుంది. లింగం దగ్గర తెలుగు అసలు సాయపడదు. మనం ఆమెనూ కుక్కనూ "వచ్చింది" అనే ఒకే రూపంలో కలిపేస్తాం, వాళ్లు బల్లను కూడా ఆడది చేస్తారు. అయినా నా నమ్మకం ఇదే: తెలుగు పిల్లవాడికి స్పానిష్‌ను ఇంగ్లిషు చుట్టూ తిప్పి చెప్పడం, అనంతపురం నుంచి కదిరికి చెన్నై మీదుగా పంపడం లాంటిది. 2011 లెక్కల ప్రకారం ఈ దేశంలో 8 కోట్ల మందికి పైగా తెలుగు మాతృభాష. వాళ్లకు తెలుగులో రాసిన మంచి స్పానిష్ వాచకం ఒకటి కావాలి. లంగరహౌస్ నుంచి లింగంపల్లి దాకా ఎవరైనా దానికి పూనుకుంటే నేను వేసవి సెలవులన్నీ ఇస్తాను.

క్లాసు అయ్యాక నిమ్స్ వైపు నడిచేదాన్ని. ఆసుపత్రి గేటు దగ్గర టీ కొట్టులో మా యాస వినబడేది. ధర్మవరం నుంచి భర్తను తెచ్చిన ఒక అక్క "మనోళ్లేనా?" అని పలకరించింది. ఎందుకొచ్చావని అడిగితే చెప్పాను. "ఆ ఫాదర్ భాషనా?" అన్నది. అవునన్నాను. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఊళ్లో ఒంటరిగా తిరిగే వేళల్లో నాకు పి.వి. నరసింహారావు గుర్తుకొచ్చేవారు. లక్నేపల్లిలో పుట్టిన ఆయన ఎన్నో భారతీయ భాషలతో పాటు స్పానిష్ కూడా నేర్చుకున్నారు. అంత పనిలో ఉన్న మనిషి పెద్ద వయసులో క్రియారూపాలు వల్లె వేశారంటే, ముప్పై ఆరేళ్ల నాకు వంక దొరకదు.

శుక్రవారం "మె గుస్తా". ఇంగ్లిషు పిల్లలు "నేను ఇష్టపడుతున్నాను" అని మొదలుపెట్టి చిక్కుకుంటారు. స్పానిష్‌లో అది "నాకు ఇష్టం". మె గుస్తా ఎల్ కఫే: నాకు కాఫీ ఇష్టం. మాటకు మాట సరిపోతుంది. గదిలో అందరూ ఒకేసారి నవ్వారు, దొరికిపోయిందని. ఆ వరసలోనే టీచరమ్మ ఇంకో క్రియ రాసింది. మె ద్వేలె లా కబేసా: నాకు తల నొప్పి. మె ద్వేలె లా ఱోదీయా: నాకు మోకాలు నొప్పి.

చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ ఆఖరి మాట ఆకారం నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి వేలితో తడిమిన అక్షరాలు.

క్లాసు అయ్యేదాకా ఫొటో తీయలేదు. అందరూ వెళ్లాక బల్ల మీద పెట్టాను. టీచరమ్మ చదవబోతే వద్దన్నాను, నిఘంటువు మాత్రం అడిగాను. పదేళ్ల పిల్ల కోసమని ఆవిడ ఎంత చిన్న చిన్న వాక్యాలు రాసిందో అప్పుడు తెలిసింది. మొదటి వరుస: కుటుంబం కొత్త చాప మీద ఉంది. ఎస్తా. రెండోది: నేను మంచం మీద ఉన్నాను. ఎస్తోయ్. మూడోది: నాకు మోకాలు నొప్పి. నాలుగోది ఒక్క మాట, పెర్దోన్. దానికి నిఘంటువు అక్కర్లేకపోయింది.

శనివారం రాత్రి బస్సు అమీర్‌పేటలోనే ఎక్కాను. మెట్రో స్తంభాల కింద వాన నీళ్లలా హెడ్‌లైట్లు పారుతున్నాయి. అమ్మకు ఫోన్ చేసి నాలుగు వరుసలూ తెలుగులో చదివాను. మోకాలి సంగతి చెప్పగానే "అయ్యో, అప్పుడే చెప్పింటే పీట వేసేదాన్ని గదా" అన్నది. తన మోకాళ్లు కూడా ఇప్పుడు అంతే. కాసేపు ఏమీ మాట్లాడలేదు. బస్సు పంజాగుట్ట దాటుతుంటే అడిగింది.

"చాప కొత్తదని ఆమెకు ఎట్ల తెలిసిందే?"