వినకముందే మాట్లాడమంటే ఎట్లా?

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిట్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలొచ్చినయి. మంచిదే. కానీ పుస్తకం మాట్లాడదు కదా! మా హుస్నాబాద్‌లో చిన్నపిల్లల చెవిన ఇంగ్లిష్ పడేదే తక్కువ. మనమేమో మొదటిరోజే "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని నిలదీస్తం.

అందుకే నా క్లాసులో కొత్త పిల్లలు నోరు తెరవక్కర్లేదు. "పుట్ ద పెన్ అండర్ ద బ్యాగ్" అంటా, చేస్తే చాలు. ముందు పక్కోణ్ని చూసి చేస్తరు, గడుసోళ్లు. ఇగ కళ్లు మూసుకోమంటా. అప్పుడు తెలుస్తది ఎవరికి 'ఆన్' వినబడ్డదో, ఎవరికి 'అండర్' వినబడ్డదో. పెన్ను, బ్యాగు ముందే తెలిసినవి కాబట్టి కొత్త మాట ఒక్కటే మిగుల్తది.

ఇది నా తెలివేం కాదు. అమెరికన్ సైకాలజిస్టు జేమ్స్ ఆషర్ 1960లలో తెచ్చిన పద్ధతి, టోటల్ ఫిజికల్ రెస్పాన్స్. "తాత ఏడి?" అంటే మాటలు రాని పసిపిల్ల గూడ వేలు చూపిస్తది కదా, అదే సూత్రం.

డిక్టేషన్‌లో వెనకబడ్డోళ్లే ఈ ఆటలో ముందుంటరు. ఇంట్లోవాళ్లు మాత్రం నోట్‌బుక్ తిరగేసి "ఇయ్యాల ఏం రాయించలేదా సార్?" అంటరు.