కాలవ కట్టేసిన రోజు

మా ఊళ్ళో వేసవి వచ్చిందనడానికి గుర్తు ఎండ కాదు, కాలవ కట్టెయ్యడం. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపేస్తే, నాలుగు రోజుల్లో అడుగు బయటపడుతుంది. ఊరి గుట్టూ దాంతోపాటే.

ఈ ఏడు మా ఆవిడ రేవు మెట్లమీద నిలబడి, "ఏమండీ, ఇవి మన కోతపండుగ గ్లాసులు కావూ?" అంది.

అవే. చిరిగిన సంచీలోంచి బురదలోకి జారి తెల్లగా మెరుస్తున్నాయి, ప్లాస్టిక్కు కదా! ప్రేమవిందు అయ్యాక గట్టుమీంచి విసిరింది నేనే. ఆ ఉదయం తొలి వరిపనను గుడికి మోసిందీ ఈ చేతులే.

1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర భక్తిపరుడు. పొలాలకు నీళ్ళివ్వడం కూడా దైవకార్యమేనని నమ్మినవాడు. ఆయన విగ్రహానికి మేం దండలు వేస్తాం. దిగువ ఊళ్ళవాళ్ళు ఈ కాలవ నీళ్ళే చెరువులకు పెట్టుకుని తాగుతారు.

ఆదికాండంలో దేవుడు ఆదాముకు తోటనిచ్చి సేద్యం చెయ్యమని ఊరుకోలేదు, కాపాడమని కూడా అన్నాడు. సండేస్కూల్లో ఈ పాఠం ఎన్నేళ్ళు చెప్పానో! సేద్యం దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

పంచె ఎగ్గట్టి దిగాను. గట్టుమీద పోతున్న అయ్యగారు బండి ఆపారు.

"ఏం పోగొట్టుకున్నారండీ?"

"గుడి గ్లాసులండీ."

ఆయన బండికి స్టాండు వేసి, ప్యాంటు మడవడం మొదలెట్టారు.