నాయిన చేతుల రంగు

దసరాకు షోలాపూర్ వచ్చినప్పుడు నాయిన అడిగాడు: "పుణెల నువ్వు చేసే పనేంది బిడ్డా?"

"రంగులేసుడే నాయినా" అన్నాను. నవ్వాడు. ముప్పై ఏండ్లుగా నూలు లడీలకు రంగేసే మనిషి మరి.

నేనన్నది అబద్ధం కాదు. కణాన్ని మైక్రోస్కోపు కింద పెట్టినా నీళ్లలాగే ఉంటుంది. లోపలి డీఎన్ఏ కనబడాలంటే హెక్స్ట్ 33342 అనే రంగు వేస్తాం. డీఎన్ఏను పట్టుకున్నాకే అది బాగా వెలుగుతుంది, చీకట్లో నీలి చుక్కల్లాగ. హెక్స్ట్ అంటే 1863లో రంగుల తయారీతో మొదలైన జర్మనీ కంపెనీ. ఆ పేరు నాయినకు నాకంటే ముందే తెలుసు!

ఫోన్లో ఫొటో చూపించాను.

"ఈ ఎర్రటివేంది?"

"సచ్చిన కణాలు. అది ఇంకో రంగు, ప్రొపీడియం అయొడైడ్. బతికున్న కణం దాన్ని లోపలికి రానియ్యదు. పొర చినిగినదాంట్లకే పోతది."

"చేతికంటితే?"

"గ్లవ్స్ లేకుండ ముట్టం. డీఎన్ఏను పట్టే రంగు గదా, మనదాన్ని గూడ పట్టొచ్చు. కడిగిన నీళ్లు గూడ మోరీల పొయ్యం."

అన్నాక నాలుక కరుచుకున్నాను. మేం వాడేది చుక్కలో పదోవంతు కూడా ఉండదు. ఆయన రంగులు వేరే, నిజమే. కానీ గోళ్ల సందుల్లో ఆ నీలం నేను పుట్టినప్పటి నుంచీ ఉంది, ఏనాడూ అడగలేదు.

మా ల్యాబ్ పల్చటి గ్లవ్స్ ఉడుకు తొట్టికి ఆగవు. మోచేతుల దాకా వచ్చే రబ్బరు జత కొనిచ్చి వచ్చాను.

వారం తర్వాత ఫోన్ చేస్తే, "లడీలు జారుతున్నయ్ బిడ్డా" అన్నాడు. ఒక్క చేతికే తొడుగుతున్నాడట.