చీనీ చెట్లు పోయినాక

మాది పులివెందుల పక్కన పల్లె. ఇంటర్ ప్రొద్దుటూరులో చదివినా. జమ్మలమడుగు మీదుగా ఊరికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కనిపించేదంతా రాయే. నాపరాయి అంటే ఇంట్లో పరుచుకునే బండ అని తప్ప మాకు వేరే ఆలోచన ఉండేది కాదు.

వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల డోలమైట్ రాళ్ళలో క్యాబేజీని నిలువునా కోసినట్టు పొరలు కనబడతాయి. వాటి పేరు స్ట్రోమటోలైట్లు. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళు. అప్పుడిక్కడ లోతు లేని సముద్రం. అడుగున జిగురుగా పరుచుకున్న సూక్ష్మజీవుల మీద సున్నపు మట్టి పడేది, అవి మళ్ళీ దాని పైకి ఎక్కేవి. అట్లా పేరుకున్న పొరలివి. 1872లోనే విలియం కింగ్ అనే జియాలజిస్టు కడప, కర్నూలు రాళ్ళ మీద ఒక గ్రంథం రాసినాడు.

ఈ పొరల్లో స్పాంజి శిలాజాలు దొరకవు. స్పాంజిలు పుట్టిందే ఇంకో వంద కోట్ల ఏళ్ళు దాటినాక. కానీ ఈ రెండూ ఒకచోట కలిసిన కథ ఉంది. 25.2 కోట్ల ఏళ్ళ కిందట సముద్ర జాతుల్లో నూటికి ఎనభైకి పైగా తుడిచిపెట్టుకుపోయినాయి. పగడపు దిబ్బలు లేవు. సూక్ష్మజీవుల పొరలను మేసే నత్తల్లాంటివి తగ్గిపోయినాయి. ఖాళీ అయిన ఆ జాగాలో సూక్ష్మజీవులు, నీళ్ళను వడగట్టి బతికే స్పాంజిలు కలిసి మళ్ళీ దిబ్బలు కట్టినాయి. అమెరికాలోని యూటాలో అట్లాంటివి బయటపడినాయి. ఉపద్రవం తర్వాత 15 లక్షల ఏళ్ళకే అవి లేచినాయంట. పగడాలు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అన్ని సబ్జెక్టులూ పోయినోడు ముందు తేలిక పేపర్ రాసి గట్టెక్కినట్టు!

ఇది చదివినప్పుడు నాకు మా చీనీ తోటే గుర్తొచ్చింది. వరసగా మూడు బోర్లు ఎండిపోయి, కాపుకొచ్చిన చెట్లు నిలువునా మాడిపోయినాయి. నాయన వాటిని కొట్టించి కట్టెలకు అమ్మేసినాడు. ఆ యేడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడింది లేదు. అప్పు తీరలేదు, నా చదువు ఆగుతుందేమో అనుకున్నాం.

మరుసటి వానకు నాయన కొర్ర, కంది కలిపి విత్తినాడు. "తోట పోయి కొర్రలా నాయనా?" అంటే, "చెట్టు పోయింది గానీ నేల యాడికీ పోలేదు గదరా. తక్కువ నీళ్ళతో ఏది బతుకుతాదో అదే ముందు రావల్ల" అన్నాడు.

చీనీ మళ్ళీ పెడతామో లేదో తెలీదు. పోయిన సెమిస్టర్ ఫీజు మాత్రం కందుల డబ్బులతోనే కట్టినాం.