బలం అప్పిచ్చే పెట్టె

కారు ఆగి ఉన్నంతసేపూ దానికి ఖర్చేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. పెట్రోలు విషయంలో అది నిజమే గాని, బ్యాటరీ విషయంలో కాదు. మనం తాళం వేసి వెళ్ళిపోయినా కారులో గడియారం నడుస్తూనే ఉంటుంది. దొంగ వస్తే కూత పెట్టే అలారం మేలుకునే ఉంటుంది. రిమోటు నొక్కితే తలుపు తెరిచే యంత్రం కూడా యజమాని ఎప్పుడు వస్తాడా అని కనిపెట్టుకుని ఉంటుంది. ఇవన్నీ బ్యాటరీలోని విద్యుత్తును కొంచెం కొంచెంగా తాగుతూ ఉంటాయి.

మేము విజయవాడలో ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటాము. నేనూ, మా అన్నయ్యా బస్సుల మీదనే పనులకు వెళ్ళివస్తాము. సెల్లారులో ఉన్న చిన్న కారు ముఖ్యంగా మా నాన్నగారి కోసం ఉంచినది. ఆయనకు ఉబ్బసం. 2023 డిసెంబరులో ఒక రాత్రి రెండు గంటలకు ఆయనకు ఊపిరి ఆడటం కష్టమైంది. ఒక పక్క మా వదిన 108కి ఫోను చేస్తూండగా, మేము ఆయనను కిందికి దించి కారులో కూర్చోబెట్టాము. అన్నయ్య తాళంచెవి తిప్పాడు. టిక్ టిక్ మని చప్పుడైందే తప్ప సెల్ఫ్ తీసుకోలేదు. కారు కదిలి అప్పటికి నెల దాటింది.

ఈ అలికిడికి రెండో అంతస్తులో ఉండే టాక్సీ డ్రైవరు లేచి వచ్చాడు. తన బండిలో నుంచి పాఠ్యపుస్తకమంత పెట్టె ఒకటి తెచ్చాడు. దాని ఎర్ర క్లిప్పును బ్యాటరీ ప్లస్ కొసకూ, నల్ల క్లిప్పును బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకూ తగిలించి, "ఇప్పుడు తిప్పండి, అన్నా!" అన్నాడు. ఇంజను వెంటనే అందుకున్నది. అతను క్లిప్పులు తీసేశాడు. 20 నిమిషాలలో నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాము. తెల్లవారేసరికి ఆయన కుదుటపడి కాఫీ అడిగారు.

ఆ పెట్టె పేరు జంప్ స్టార్టర్. మా అన్నయ్య కూతురు ఏడో తరగతి చదువుతున్నది. "బాబాయ్, అంత చిన్న పెట్టె అంత పెద్ద కారును ఎలా లేపింది?" అని అడిగింది.

ఇద్దరం కాగితం తీసుకుని లెక్క వేశాము. చిన్న కారు ఇంజనును తిప్పటానికి సెల్ఫ్ మోటారుకు సుమారు 150 ఆంపియర్లు కావాలి. కాని అది రెండు సెకన్ల పనే. గంటకు 3,600 సెకన్లు గనక, మొత్తం ఖర్చు ఒక ఆంపియర్-గంటలో పన్నెండో వంతు మాత్రమే! ఆగి ఉన్న కారులో గడియారమూ, అలారమూ వగైరా కలిసి 30 మిల్లీ ఆంపియర్లు తాగుతాయనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్-గంట అవుతుంది. అంటే ఎనిమిదిసార్లు ఇంజను లేపేటంత విద్యుత్తు ఒక్క రోజులో చప్పుడు లేకుండా పోతున్నదన్నమాట. నెలకు 21.6 ఆంపియర్-గంటలు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ!

పోయింది విద్యుత్తు మాత్రమే అయితే బాధ లేదు. కారు బ్యాటరీలో సీసపు పలకలూ, సల్ఫ్యూరిక్ ఆమ్లమూ ఉంటాయి. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు 1859లో కనిపెట్టిన పద్ధతే ఇది. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది. త్వరగా చార్జి చేస్తే అది కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, ఇక కరగనని మొండికేస్తుంది. అప్పుడు బ్యాటరీ ఆయుష్షు తీరినట్టే.

దీనికి మందు బ్యాటరీ కండిషనరు. ఇంటి కరెంటుకు తగిలిస్తే అది బ్యాటరీకి సన్నని ధారగా విద్యుత్తు ఇస్తూ, ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది. కాని మా సెల్లారులో ప్లగ్గు లేదు. మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీయటం ప్రమాదం. అందుచేత మేము జంప్ స్టార్టరే కొన్నాము. అందులో ఉండేది లిథియం బ్యాటరీ. సీసం బ్యాటరీతో పోలిస్తే ఎంతో తేలిక. ఈ లిథియం అయాన్ బ్యాటరీలను రూపొందించినందుకే 2019లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మా వీధి చివరి షెడ్డులోని మెకానిక్ దాన్ని చూసి, "మంచిదే కొన్నారు సార్. కాని ఇది అప్పు మాత్రమే ఇస్తుంది, అన్నం పెట్టదు" అన్నాడు. ఎంత నిజం! జంప్ స్టార్టర్ ఇంజనును లేపుతుందే గాని బ్యాటరీని నింపదు. నింపవలసింది తిరుగుతున్న ఇంజనుతో పనిచేసే ఆల్టర్నేటరు.

అందుకని ఇప్పుడు ప్రతి ఆదివారం నాన్నగారిని ముందు సీటులో కూర్చోబెట్టుకుని, ప్రకాశం బ్యారేజీ మీదుగా ముప్పావుగంట తిరిగి వస్తాము. వారంలో పోయిన 5 ఆంపియర్-గంటలు దాదాపు తిరిగి వస్తాయి. బయలుదేరే ముందు మా అమ్మాయి, వాళ్ళ నాన్న పక్కన ఉండగా, మీటరుతో చూసి నోటుపుస్తకంలో రాస్తుంది. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే దాదాపు ఖాళీ. జంప్ స్టార్టరును ఎండలో కాగే కారులో ఉంచక ఇంట్లోనే పెట్టుకుని, మూడు నెలలకొకసారి చార్జి చేస్తున్నాము. అప్పిచ్చేవాడి చేతిలోనూ డబ్బుండాలి గదా!

పిల్లలూ, బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడవచ్చు. నిప్పురవ్వ తగిలితే ప్రమాదం. అందుచేత క్లిప్పులు తగిలించే పని పెద్దలకే వదలండి. మీరు చేయవలసినది వేరే ఉన్నది. మీ ఇంట్లో కారు ఎన్నాళ్ళుగా కదలలేదో అడిగి, రోజుకు 0.72 చొప్పున లెక్క కట్టి, మీ నాన్నగారికి చూపించండి.